నీలం నంబర్ ప్లేటు వెళ్లిన దారి

నా సంచిలో ఏడు రకాల వస్తువులున్నాయి. ఐదు మీటర్ల టేపు, కోణాలు కొలిచే చిన్న పరికరం, పదకొండు ఫొటోలు, నోటుబుక్కు, గొడుగు, రెండు జతల బట్టలు, యాభై మూడు అధికరణాలున్న ఒక ఒడంబడిక. దేశాలు ఒకదాని దూతలను ఒకటి ఎలా చూసుకోవాలో 1961లో వియన్నా నగరంలో కూర్చుని రాసుకున్న కాగితమది. జగిత్యాల బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని చదువుతుంటే పక్క సీటు పెద్దాయన తొంగి చూశాడు.

"దుబాయ్ కాయితాలా కొడుకా?"

"కాదండీ, చట్టం. రాయబారులది."

"అంటే?"

"మన దేశంలో ఉండే పరాయి దేశాల దూతలు. వాళ్లను పోలీసులు పట్టుకోకూడదు, కోర్టులు విచారించకూడదు అని."

ఆయన ముసురు వాన లోపల పడకుండా కిటికీ అద్దం మూశాడు. "మంచిగున్నది," అన్నాడు. "మరి మనల్ని?"

జవాబు కోసం నేను నిజంగానే పేజీలు తిప్పాను. ఆయన నవ్వి కండువా మొహం మీద కప్పుకుని పడుకున్నాడు.

నేను మెకానికల్ ఇంజనీరును. మాది రాజమండ్రి అవతల ఒక ఊరు. హైదరాబాదులో రోడ్డు ప్రమాదాల మీద సాంకేతిక నివేదికలు రాసే చిన్న సంస్థలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. బండి ఎంత వేగంతో వచ్చింది, బ్రేకు ఎక్కడ పడింది, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఇవి కొలిచి చెప్పడం నా పని. ఈసారి చెప్పవలసింది ఒక్కటే: ఆ కారు నడిపింది ఎవరు?

జరిగింది ఇది. ఢిల్లీలో ఉండే ఒక దౌత్యాధికారి (ఏ దేశమో రాయను) సెలవు పెట్టి కారులో దేశం చూడటానికి బయల్దేరాడు. వెంట ఆయన డ్రైవరు అంజయ్య. అంజయ్యది కోరుట్ల. మా ఊరు చూద్దురుగాని రండి సార్ అని తీసుకొచ్చాడు. రాత్రి అంజయ్య ఇంట్లో ఉన్నారు. పొద్దున జగిత్యాల మీదుగా కొండగట్టు వెళ్లి అంజన్నకు, అంటే అక్కడి హనుమంతుడికి, దండం పెట్టుకున్నారు. అక్కడి నుంచి వేములవాడ దాటి, మగ్గాలు చూడటానికి సిరిసిల్ల వైపు వచ్చారు. ఊరు ఇంకా రాకముందే ఒక వంపులో కారు ఒక మోపెడ్‌ను గుద్దింది. దాని మీద ఉన్న శ్రీను అనే మరమగ్గం కార్మికుడు అక్కడే చనిపోయాడు.

పోలీసులు వచ్చేసరికి స్టీరింగు ముందు అంజయ్య ఉన్నాడు. "నేనే నడిపిన," అన్నాడు. రెండు వారాలకు అధికారి తన దేశం వెళ్లిపోయాడు. కేసు అంజయ్య ఒక్కడి మీద పడింది. రెండు నెలల తర్వాత అంజయ్య మాట మార్చాడు: నడిపింది నేను కాదు, సారు.

తొమ్మిది నెలలు గడిచాక, రాయబార కార్యాలయాల బండ్లకుండే నీలం నంబర్ ప్లేటుతో ఆ కారు వెళ్లిన దారిలోనే నేనూ నాలుగు రోజులు తిరిగాను.

జగిత్యాల

మామిడి సీజను అయిపోయింది. మార్కెట్ బయట ఖాళీ ప్లాస్టిక్ పెట్టెలు దొంతరలుగా తడుస్తున్నాయి. అంజయ్య తరఫు వకీలు గది ఎరువుల దుకాణం పైన. మెట్లెక్కుతుంటే పురుగుమందు వాసన కూడా మనతో ఎక్కుతుంది. ఆవిడకు యాభై ఏళ్లుంటాయి. ఊళ్లో అందరూ వకీలమ్మ అనే అంటారు, నేనూ అదే అన్నాను.

మా వైపు ఇంటికొచ్చినవాణ్ని "కాఫీ తీసుకుంటారా?" అని అడుగుతారు. వద్దంటే వదిలేస్తారు. ఇక్కడ అడగడం లేదు. కూర్చునేలోపే గ్లాసు చేతిలో పెట్టేస్తారు. టీ పది రూపాయలు, సమోసా పదిహేను. సమోసాను వేళ్లతో చిదిపి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇచ్చారు.

"టేపు తెచ్చినవా?" అంది వకీలమ్మ.

"తెచ్చానండీ."

"మంచిగైంది. నా కేసుల సాక్ష్యం జెప్పెటోడైతే లేడు. కొలిచెటోడన్న అచ్చిండు."

నేను బస్సులో రాసుకున్న జాబితా చదివాను. ఒకటి, ఆ కారును పోలీసులు సోదా చేయడానికి లేదు, ఇరవై రెండో అధికరణం. రెండు, అధికారిని అరెస్టు చేయడానికి లేదు, ఇరవై తొమ్మిది. మూడు, ఆయన మీద కేసు నడపడానికి లేదు, ముప్పై ఒకటి. నాలుగు, ఆయన్ను సాక్షిగా రమ్మని బలవంతపెట్టడానికీ లేదు, అదీ ముప్పై ఒకటే.

"సూడు మరి," అందావిడ. "కార్ల ఉన్నదే ఇద్దరు. ఒకాయన్ని పిలువరాదు. ఇంకొకాయన ముందుగాల్నే నేనే అన్నడు. కారన్న సూద్దామంటే గది గూడ ఢిల్లీ వాయె."

"ఆ రక్షణ రద్దు చేయమని అడగొచ్చు కదండీ? ముప్పై రెండులో ఉంది."

"శ్రీను పెండ్లాం అడిగింది. ఎంబసోళ్లు వదులుకుంటెనే అయితది. అది ఆయన సొంతం గాదట, ఆయన దేశానిదట. దరఖాస్తు హైదరాబాదు పోయింది, ఆడికెంచి ఢిల్లీ పోయింది. ఆఖరుకు ఒక జవాబు అచ్చింది. మస్తు మర్యాదగ రాసిండ్రు. చాలా విచారిస్తున్నం, పరిశీలిస్తం అని. బంగారు రంగు ముద్ర. ఫ్రేము గట్టి గోడకు కొట్టాలె గసొంటిది."

ముప్పై తొమ్మిదో అధికరణం సంగతి కూడా ఎత్తాను. పదవి ముగించుకుని దేశం విడిచి వెళ్లాక, సొంత పనుల విషయంలో ఆ రక్షణ పోతుంది. సెలవులో చేసిన ప్రయాణం సొంత పనే.

"అవు, పోతది," అంది వకీలమ్మ. "కవచం విప్పిండు. కని విప్పెవరకు మనిషే లేడు. సమన్లు పంపనీకె సముద్రం అడ్డం."

తర్వాత అంజయ్య సంగతికొచ్చాం. ఎంబసీలో పనిచేసేవాడే అయినా అంజయ్య భారత పౌరుడు. అధికారికి ఉన్న రక్షణ అతనికి రాదు. ఆ ముక్క అతనికి తెలియదు. ఢిల్లీలో పదకొండేళ్లు ఆ కారు నడిపాడు. నీలం ప్లేటు చూసి ఏ కానిస్టేబులూ చెయ్యెత్తలేదు. ఎంబసీ ఇచ్చిన గుర్తింపు కార్డు జేబులో ఉంటే తననూ ఎవరూ ముట్టరనుకున్నాడు. అందుకే ఆ రోజు తప్పు మీదేసుకున్నాడు. తమాషా ఏమిటంటే, తన మీదేసుకోకపోయినా సారుకు ఏమీ అయ్యేది కాదు.

"ఎవలికి మాఫీ ఉన్నదో ఆయన్ని కాపాడనీకె, లేనోడు పోయి ఇరుక్కున్నడు," అంది వకీలమ్మ. "ఇంకోటి రాస్కో నీ లిస్టుల. నువ్వు కొలిచి అంజయ్య నడపలే అంటే అంజయ్య బయటపడ్తడు. అప్పుడు శ్రీను పెండ్లానికి ఎదురుంగ నిలబడెటోడు ఒక్కడు ఉండడు. ఇన్సూరెన్సు కేసు వేరే నడుస్తున్నది, అది నడువనీ. ఆ పిల్ల అడిగేది అది గాదు. ఎవడన్న ఒకడు బోనుల నిలబడాలె అంటది."

ఐదో అంశంగా రాసుకున్నాను.

కోరుట్ల

రెండో రోజు పొద్దున కోరుట్ల బస్సు దిగేసరికి ముసురు ఇంకా వదల్లేదు. అంజయ్య ఇల్లు ఒక సందు చివర. గుమ్మం దగ్గర చెంబుతో నీళ్లు పెట్టారు, కాళ్లకు. మా ఊళ్లో ఈ అలవాటు నా చిన్నప్పుడే పోయింది.

అంజయ్యకు నలభై ఆరేళ్లు. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. వాళ్ల నాయన నడుముకు మోకు కట్టుకుని తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. "నేను పొట్టోన్ని సార్, మోకు కట్టుకుంటే మోకే నాకన్న పొడుగు," అన్నాడు. "తాటిచెట్టు ఎక్కుడు సాతగాక స్టీరింగు వట్టిన." లైసెన్సు కోర్టులో ఉంది. ఇప్పుడు పసుపు గోదాములో బస్తాలు మోస్తున్నాడు. గోళ్ల చుట్టూ పసుపు దిగిపోయి ఉంది.

ఆయన భార్య సుగుణ సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గిన్నె అడుగున అద్ది కాలుస్తారు. అంచులు కరకర, మధ్య మెత్తన. రెండో ముక్క వద్దన్నాను. విననట్టే వేసింది.

"గా దొర గూడ గిట్లనే వద్దన్నడు," అంది. "పెట్టినంక మూడు తిన్నడు. నాటుకోడి కూర గూడ. కండ్లెంబడి నీళ్లు గారినయ్, అయిన తిన్నడు."

"మంచోడే సార్," అన్నాడు అంజయ్య.

"మంచోడే," అంది సుగుణ. "మంచోడు గనుకనే నువ్వు పసుపు మోస్తున్నవ్."

అంజయ్య లేచి గూట్లోంచి ఆ కార్డు తెచ్చాడు. దేవుడి పటం వెనక పెట్టుకున్నాడు. గట్టి ప్లాస్టిక్కు, ఉబ్బెత్తు జెండా, తన ఫొటో. వెనక్కి తిప్పి చూశాను. దొరికినవారు ఎంబసీకి పంపగలరు అని రెండు భాషల్లో ఉంది. ఇంకేమీ లేదు. ఒక కాలేజీ గుర్తింపు కార్డుకు ఎంత బలముంటుందో దీనికీ అంతే.

"ఆ రోజు ఏమైందో వరుసగా చెప్పండి," అన్నాను.

"కొండగట్టుల దండం పెట్టుకున్నంక సారు తాళం అడిగిండు. మీ ఊళ్లె రోడ్లు మంచిగున్నయ్, నేను నడుపుత అన్నడు. సీటు ఎనుకకు జరుపుకున్నడు. నేను పక్క సీట్ల కూసున్న. వంపు కాడ... గుద్దినంక సారు స్టీరింగు ఇడువలే. తలుపు తీసి దిగలేకపోయిండు. నేనే దిగి అటు దిక్కు పోయిన. మీరు నా సీట్లకు జరుగుండ్రి సార్ అన్న. జరిగిండు."

"ఆయన ఏమీ అనలేదా?"

"అనలే. నా మొకం జూసిండు, గంతే." చేతులు చూసుకున్నాడు. "మా ఇంట్ల తిన్న మనిషి. మా దిక్కు తీస్కచ్చింది నేను. నాకు కార్డున్నది గదా అనుకున్న."

తర్వాత నా పని మొదలుపెట్టాను. ఒక కుర్చీ గోడకు ఆనించి, ఆ మోడల్ కారులో సీటు ఎత్తు ఎంతో అంత వచ్చేలా కింద ఇటుకలు పెట్టి, అంజయ్యను కూర్చోబెట్టాను. నడుము నుంచి మోకాలు, మోకాలు నుంచి మడమ, భుజం నుంచి పిడికిలి. మూడుసార్లు కొలిచి సగటు తీశాను. ప్రమాదం జరిగాక అక్కడికి వచ్చిన పంక్చరు షాపతను తీసిన ఫొటోల్లో ఏడోది నాకు ముఖ్యం. స్టీరింగు వైపు తలుపు తెరిచి ఉంది. సీటు కింది పట్టా మీద చివరి గాడి దాకా సీటు వెనక్కి జరిగి కనిపిస్తోంది. ఆ దూరంలో కూర్చుంటే అంజయ్య పాదం బ్రేకుకు తొమ్మిది సెంటీమీటర్లు అందదు. కొండగట్టు నుంచి ఆ వంపు దాకా అలా నడపడం కుదరని పని.

టేపు చుట్టుకుంటుంటే సుగుణ ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పి చూస్తోంది. నాలుగో ఫొటో దగ్గర ఆగింది.

"గీ మెత్త మాదే," అంది.

అది ఎడమవైపు సీటు ఫొటో. ఎర్ర పూల చిన్న మెత్త, అంటే దిండు, ఒకటి అక్కడ ఉంది. పాత చీరతో తనే కుట్టానని చెప్పింది. అంజయ్యకు వెనకాల అది లేనిదే స్టీరింగు అందదు. పదకొండేళ్లుగా ఆయన ఎక్కడ కూర్చుంటే అది అక్కడే ఉంటుంది. సారు నడుపుతానన్నప్పుడు దాన్ని తీసుకుని పక్క సీట్లోకి వెళ్లాడు. తిరిగి స్టీరింగు ముందుకు వచ్చేటప్పుడు తెచ్చుకోవడం మరచిపోయాడు. ఆ ఫొటోను నేను కనీసం ముప్పైసార్లు చూసి ఉంటాను. అది ఆ దొరగారి సామాను అనుకున్నాను.

బయల్దేరేముందు అంజయ్య సందు చివరిదాకా గొడుగు పట్టాడు. అప్పుడు చెప్పాడు, నెలకోసారి సిరిసిల్ల పోతానని. శ్రీను చనిపోయిన తేదీ నాడు. పద్మ, అంటే శ్రీను భార్య, వాకిట్లో ఒక కుర్చీ వేస్తుంది. అరగంట కూర్చుని వస్తాడు. చావు జరిగిన ఇంటికి వెళ్లి పలకరించి రావడాన్ని ఇక్కడ మందలిచ్చుడు అంటారు. దగ్గరివాళ్లు ఒకసారి వెళ్తారు, రెండుసార్లు వెళ్తారు. అంజయ్య తొమ్మిదిసార్లు వెళ్లాడు.

"ఆమె ఏమంటుంది?"

"ఏమనది. బీడీలు చేస్కుంటది. నీళ్లు గూడ ఇయ్యది. మొదటినాడే జెప్పింది, మా మొగన్ని గుద్దినోనికి నా చేతితోని నీళ్లియ్య అని. సబబే గదా సార్."

"మీరు గుద్దలేదని ఆమెకు తెలియదా?"

"నేనెట్ల జెప్త? కోర్టుల వకీలమ్మ జెప్తది. ఆ ఇంట్ల నేను జెప్పలేను."

"మరి ఎందుకు పోతున్నారు?"

గొడుగు నా వైపు వంచాడు. తన భుజం తడుస్తోంది. "సారు పోడు గదా," అన్నాడు. "ఎవలో ఒకలు పోవాలె గదా."

కొండగట్టు

మూడో రోజు కొండ కింద దిగాను. అంజయ్య చెప్పిన ప్రకారం ఇక్కడే తాళం చేతులు మారింది. కారు ఆపిన చోట కొబ్బరికాయలు అమ్మే ఒక అవ్వ ఉంది, పేరు రాజవ్వ. కొబ్బరికాయ, అగరొత్తులు, పూలు కలిపి అరవై రూపాయలు. బేరం ఆడకుండా కొని, కారు సంగతి అడిగాను.

"నీలం ప్లేటు కారా? ఎందుకు యాదిలేదు! తాటిచెట్టంత దొర. నా కొట్టు కప్పు తలకు తాకింది ఆయనకు."

"ఇక్కడి నుంచి బండి ఎవరు నడిపారు?"

"ఆ దొరనే. పొట్టాయన సంకల మెత్త వెట్టుకోని అటు దిక్కు ఎక్కిండు. సంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నడు. నేను నవ్విన గూడ."

నోటుబుక్కు తీశాను. "ఈ మాట కోర్టులో చెప్తావా అవ్వా?"

రాజవ్వ కొబ్బరికాయలు సర్దడం మొదలుపెట్టింది. "నేను రాను."

"ఒక్కసారే."

"నా కొట్టు రోడ్డు మీదున్నది కొడుకా. కాయితం లేదు, పట్టా లేదు. పోలీసోళ్లు చూసీ చూడనట్టు ఉంటుండ్రు. నేను బోనెక్కి నేను జూసిన అంటే, వాళ్లు గూడ నన్ను జూస్తరు. నన్ను పేరు అడగకు. అడిగినా చెప్ప."

పేరు ముందే చెప్పిందని గుర్తు చేయలేదు. ఇక్కడ కూడా నేను రాస్తున్నది ఆమె అసలు పేరు కాదు.

ఆ నిరాశలో సంచి మూతి తెరిచే పెట్టుకుని నిలబడ్డాను. వెనక నుంచి ఒక కోతి వచ్చి కొబ్బరికాయను వదిలేసి ఒడంబడికను లాక్కుపోయింది. రేకు కప్పు మీద కూర్చుని, తినేది కాదని తెలిసేదాకా ఒక్కొక్క కాగితం కొరికి చూసింది. కిందపడ్డవాటిని ఏరుకున్నాను. ఇరవై తొమ్మిది నుంచి ముప్పై రెండు వరకు ఉన్న పేజీ దొరకలేదు. కర్ర కోసం చూస్తుంటే రాజవ్వ చెయ్యి పట్టుకుంది.

"కొట్టకు, కొట్టకు! అంజన్న కోతి. ఇది ఏం జేసినా ఇక్కడ అడిగెటోడు లేడు."

పక్క కొట్టువాళ్లు గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఎక్కువసేపు కాదు.

సిరిసిల్ల

మధ్యాహ్నం వంపు దగ్గర దిగాను. ఫొటోల్లో ఉన్న బ్రేకు గుర్తులు ఇప్పుడు రోడ్డు మీద లేవు. తొమ్మిది నెలల లారీలు వాటిని తుడిచేశాయి. వంపు కోణం కొలిచాను, రోడ్డు వెడల్పు కొలిచాను. పక్కన మడిలో ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తున్నారు. ఒకామె నడుము నిలబెట్టి అరిచింది, "రోడ్డు ఎడల్పు జేస్తరా సారూ?" కాదన్నాను. "మరెందుకు కొలుచుడు, ఉత్తగనే!" అని మళ్లీ వంగింది. టేపు చివర పట్టుకునేవాళ్లు లేక రాయి పెట్టి లాగుతుంటే కాలు జారి కాలువలో పడ్డాను. ప్యాంటు మోకాళ్లదాకా బురద. నాలుగు రోజుల ప్రయాణంలో నాకు జరిగిన నష్టం మొత్తం ఇదీ, కోతి కొరికిన ఆ పేజీనూ.

రాత్రి లాడ్జిలో గది నాలుగు వందలు. పక్క వీధిలో మరమగ్గాలు నడుస్తున్నాయి. వినగా వినగా ఆ చప్పుడు అలవాటైపోతుంది. పొద్దున ఒకసారి కరెంటు పోయినప్పుడు ఊరు ఊరంతా చెవుడొచ్చినట్టయింది.

ఖాళీ కుర్చీ

నాలుగో రోజు పద్మ ఇంటికి వెళ్లింది మోపెడ్ కొలవడానికి. ముందుగా వకీలమ్మ ఫోన్ చేసి, వచ్చేది అంజయ్య తరఫు మనిషేనని దాచకుండానే చెప్పింది. సరే రమ్మంది పద్మ. మోపెడ్ వాకిట్లో ప్లాస్టిక్ కవరు కింద ఉంది. కొలిచాను. గుద్దింది వెనక నుంచి, కుడి పక్కన.

పద్మకు ముప్పై అయిదు లోపే ఉంటాయి. గడపలో కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకు కత్తిరించి, తంబాకు చల్లి, చుట్టి, కొన నొక్కి, దారం కట్టి, పక్కన పడేయడానికి ఆమెకు పట్టే సమయం లెక్కపెట్టాను. ఇరవై సెకన్లు. చేతుల వైపు చూడనే చూడదు. వాకిట్లో ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కూర్చోబోయాను.

"దాంట్ల వద్దు అన్నా," అంది. "గీ పీట మీద కూసో. అది ఆయన కోసం ఏసింది."

"అంజయ్య కోసమా?"

"మా ఆయన్ని గుద్దినోని కోసం. నెలనెల అస్తడు. రానియ్యకు అని మా వాడకట్టోళ్లు నన్ను తిట్టిండ్రు. నేనే రానిచ్చిన. పోలీసోళ్లు ఏం జెప్పరాయె. దరఖాస్తు వెడితే కాయితం అచ్చింది, విచారిస్తున్నం అని. కాయితం విచారిస్తదా? ఈన అచ్చి నా ముంగట కూసుంటుండు. తల వంచుకోని కూసుంటడు. గంతన్న ఉన్నది నాకు."

బీడీ పక్కన పడింది. ఇంకో ఆకు తీసింది.

"కోర్టుల ఇప్పుడు నేను నడపలే అంటుండట గదా. వకీళ్లు నేర్పిండ్రని అందరు అంటున్నరు. నువ్వు చదువుకున్నోనివి. కొలిచినవు గద. నిజం జెప్పు. ఆయన నడిపిండా?"

నా ఉద్యోగంలో మూడు నియమాలున్నాయి. కొలవనిది రాయకూడదు. రాసింది మార్చకూడదు. ఒక పక్షం కోసం కొలిచింది రెండో పక్షానికి చెప్పకూడదు. మొదటి రెండూ నేను ఇప్పటిదాకా తప్పలేదు.

"లేదమ్మా," అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. నాలుగో ఫొటో, ఏడో ఫొటో తీసి చాట అంచున పెట్టాను. సీటు చూపించాను. తొమ్మిది సెంటీమీటర్లు ఎంతో వేళ్ల మధ్య చూపించాను. మెత్త గురించి చెప్పాను. మెత్త ఉన్న ఫొటోను దగ్గరికి పెట్టుకుని చూసింది.

"మరి నేనే నడిపిన అని ఎందుకన్నడు?"

"కార్డు ఉంటే తనను ఎవరూ ఏమీ చేయరనుకున్నాడు."

"సరే. తెల్వక అన్నడు." ఫొటో నా వైపు జరిపింది. "మరి నెలనెల ఎందుకస్తుండు?"

కోరుట్ల సందులో విన్న మాటను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సారు పోడు గదా, ఎవలో ఒకలు పోవాలె గదా.

పద్మ చాట పక్కన పెట్టింది. ఒళ్లో రాలిన తంబాకు పొడి దులుపుకుని లోపలికి వెళ్లింది. ఏడుస్తుందేమో, నేను లేచి వెళ్లిపోవాలేమో అనుకుంటూ పీట మీదే ఉన్నాను. చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"తొమ్మిదిసార్లు అచ్చిండు. ఎండకాలం గూడ అచ్చిండు. ఒక్కపారి నీళ్లియ్యలే," అంది. "నువ్వు తాగు. ఆయన తాగిండనుకుంట."

చెంబు పెద్దది. ఆపకుండా మొత్తం తాగాను.

"ఇగ రావద్దని చెప్పు ఆయనకు."

"అమ్మా, ఆయన..."

"కోపం గాదన్నా. ఆ జాగ ఆయనది గాదు. ఈన కూసుంటే నిండినట్టే ఉంటది నాకు. నిండద్దు. ఎవలిదో ఆయన అచ్చేదాక ఖాళీగనే ఉండనీ."

మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. కానీ ఆ తర్వాత చుట్టిన రెండు బీడీలూ విప్పి పారేసింది.

సిరిసిల్ల బస్టాండులో హైదరాబాదు బస్సు కోసం నిలబడి అంజయ్యకు ఫోన్ చేశాను. అవతల గోదాము రేకుల మీద వాన పడుతోంది. ముందు కొలతల సంగతి చెప్పాను. కోర్టుకు సరిపోవచ్చన్నాను. ఊఁ అన్నాడు. తర్వాత, పద్మకు నిజం చెప్పేశానని, ఇక రావద్దందని చెప్పాను. ఎందుకందో కూడా చెప్పాను. అవతల బస్తా దింపిన చప్పుడు వినిపించింది.

"నీళ్లిచ్చిందా సార్?" అన్నాడు.

"ఇచ్చింది. మీవి నేను తాగాను."

"సల్లగున్నయా?"

"చల్లగా ఉన్నాయి."

"మంచిది సార్," అన్నాడు. ఎవరో బస్తా ఎత్తమని పిలిచారు, పెట్టేశాడు.

నివేదిక పద్నాలుగు పేజీలైంది. కోర్టు దాన్ని ఒప్పుకుంది. పోయిన నెల అంజయ్య మీద కేసు కొట్టేశారు, లైసెన్సు తిరిగి ఇచ్చారు. కారు నడిపిన వ్యక్తి విచారణకు అందుబాటులో లేరని తీర్పు చివర ఒక వాక్యం ఉంది. వకీలమ్మ అదే వాక్యం పట్టుకుని, ఆయన్ను విచారణకు పంపమని ఆ దేశానికి పద్మ పేరు మీద రెండో దరఖాస్తు రాసింది. సంతకం కోసం తనే సిరిసిల్ల వెళ్లిందట. నిన్న ఫోన్‌లో చెప్పింది: వాకిట్లో కుర్చీ వానలో తడుస్తూ అలాగే ఉంది, పద్మ తనను కూడా అందులో కూర్చోనివ్వలేదు, నిలబడే సంతకం తీసుకుంది.